బల్జ్ గారికి ఒక బొజ్జరాయుడి విన్నపం

మహారాజశ్రీ బల్జ్ (తెలుగులో ఉబ్బు) గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం, మీరు నా చొక్కా నాలుగో గుండీ వెనకాల అంతకంటే క్షేమం. గుండీ ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది, సందులోంచి బనియను తొంగిచూస్తోంది. మొన్న టైలరు కొలత తీసుకుంటూ "కొంచెం లూజు పెట్టమంటారా సార్?" అన్నాడు. ఆ "కొంచెం"లో ఎంత మర్యాద ఉందో నాకు తెలుసు.

ఇంతలా మకాం పెట్టారు కదా, మీ వంశమేమిటో వాకబు చేద్దామనిపించింది. తీరా చూస్తే మీరు పుట్టుకతో ఉబ్బే కాదు, తోలు సంచి! ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతంలో ఉండే గాల్ జాతివాళ్లు తోలు సంచిని బుల్గా అనేవారట. రోమన్లు ఆ మాటను వాళ్ల దగ్గర పుచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్ల చేతుల మీదుగా మీరు ఇంగ్లిషులో దిగారు. అక్కడా చాలాకాలం బుద్ధిగా సంచిలాగే బతికారు. 17వ శతాబ్దం వచ్చాకే ఉబ్బు అనే పేరు తెచ్చుకున్నారు.

మీ తమ్ముడు బడ్జెట్ కథ ఇంకా బాగుంది. ఫ్రెంచిలో ఆయన "బుజెట్", అంటే బుల్లి తోలు సంచి. 1733లో ఇంగ్లండ్‌లో ప్రధాని వాల్పోల్ పన్నుల పథకాన్ని వెక్కిరిస్తూ ఒక కరపత్రం వచ్చింది. సంతలో నకిలీ మందులవాడు సంచి విప్పినట్టు ఈయన బడ్జెట్ విప్పుతున్నాడని దాని సారాంశం. తిట్టిన మాటనే ప్రభుత్వాలు బిరుదులా తగిలించుకున్నాయి. మన దగ్గర 2018లో కూడా ఆర్థిక మంత్రి బ్రీఫ్‌కేసు పట్టుకునే ఫొటో దిగారు. 2019లో ఎర్ర గుడ్డ మూట వచ్చింది, 2021లో ట్యాబ్లెట్ వచ్చింది. సంచి మారింది. మందులు మారాయో లేదో వాడేవాళ్లు చెప్పాలి.

మీ మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరు 16న జర్మన్లు బెల్జియం వైపు ఆర్డెన్ అడవుల్లో విరుచుకుపడితే, పటం మీద యుద్ధరేఖ పడమటికి ఉబ్బింది. ఆ యుద్ధానికి మీ పేరే పెట్టి "బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్" అన్నారు. ఒక్క అమెరికన్లే దాదాపు 19 వేల మంది చనిపోయారు. ఇప్పుడు ఇంగ్లిషువాళ్లు అదే పేరు పెట్టి నడుం కొవ్వు కరిగించే చిట్కాలు చెబుతున్నారు. మీకైనా అభ్యంతరం ఉండక్కర్లేదా?

అమెరికా బ్యాంకులు మరీనూ. షేర్ల ప్రకటనల్లో పెద్ద బ్యాంకుల పేర్లు లావు అక్షరాల్లో పొడుచుకొచ్చేవి. అందుకని వాటిని "బల్జ్ బ్రాకెట్" అన్నారు. లేమన్ బ్రదర్స్ కూడా ఆ వరసలోదే. 2008 సెప్టెంబరు 15న అది దివాలా తీసింది. వాపు చూసి బలుపనుకోవద్దని మా అమ్మమ్మ ఊరికే అనేదా?

సరే, నా మనవి ఇది. ఏటా ఫిబ్రవరి 1న మీ తమ్ముడు పార్లమెంటుకు వస్తాడు. ఈసారి ఆయన్ని చూసే వంకతోనైనా నా నడుం వదిలి ఢిల్లీ బయల్దేరండి. అక్కడ ఉబ్బడానికి చోటెక్కువ, అడిగే టైలర్లు తక్కువ.

ఇట్లు,
తమరు అద్దె చెల్లించని ఇంటి యజమాని