కోడి కింద కారు

మా బావ కారు కడుతున్నాడు. పొరపాటున రాసింది కాదు, కడుతున్నాడనే రాశాను. రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇళ్ళు కట్టినవాళ్ళున్నారు, గుడి కట్టినవాళ్ళున్నారు, చేపల చెరువులకు గట్లు కట్టినవాళ్ళయితే లెక్కే లేదు. కారు కట్టిన మనిషే లేడు. ఆ లోటు తీర్చడానికి బావ ఒక పాత మారుతి 800 కొని, అందులోంచి 796 సీసీ ఇంజను ఊడబీకి, ఊళ్ళో వెల్డింగు షాపులో ఇనప గొట్టాలతో చేయించిన చట్రానికి వెనకవైపు బిగించాడు. స్టార్టు చేస్తే తోటలో కోళ్ళన్నీ వచ్చి వరండా ఎక్కాయి. అదొక్కటే అప్పటికి నష్టం.

"ఇంకేముందిరా బామ్మర్దీ, చొక్కా తొడగడమే" అన్నాడు.

చొక్కా అంటే ఫైబర్‌గ్లాస్ బాడీ. "రేకు పెట్టొచ్చుగా బావా" అని నోరు జారాను.

"ఈ ఉప్పుగాలికి రేకెన్నాళ్ళుంటుంది? 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అని ఒకాయన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సామాను మీద ఫైబర్ బాడీ వేసి బగ్గీ చేశాడు. ఆయనకి ఫైబర్ పని ఎలా వచ్చిందనుకున్నావు? పడవలు కట్టి. ఏం, మన అంతర్వేదిలో పడవల్లేవా?"

ఉన్నాయి. పడవలకు ఫైబర్ వేసే మేస్త్రీ కూడా ఉన్నాడు. ఆయన్ని ఒక రోజు కూలికి పిలిపించాడు బావ.

రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది కాబట్టి ఈ కారు తిరిగేది కొబ్బరితోటలోనే. తోట ఎనభై సెంట్లు. ఫస్టు గేరులోంచి సెకండుకు మార్చేలోపు కాలవ వస్తుంది. ఆ సంగతి మా అక్క రోజుకొకసారి గుర్తుచేస్తుంది, బావ రోజుకొకసారి మర్చిపోతాడు.

మేస్త్రీ మంచి పనివాడు. ఎడమవైపు ముందు మడ్‌గార్డుకు అచ్చు చేసి, మైనం రుద్ది, జెల్‌కోటు అనే పైపూత పూసి, గాజుపీచు మ్యాట్ ముక్కలు పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కాడు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే, ఆత్రేయపురంలో కుండ మీద నుంచి పూతరేకు వచ్చినట్టు వచ్చేసింది. పోతూ పోతూ రెండు మాటలు చెప్పాడు. మొదటిది: "కోబాల్టూ హార్డెనరూ ఎప్పుడూ నేరుగా కలపకండి బాబూ, భగ్గుమంటాయి. ముందు కోబాల్టు రెజిన్లో బాగా కలిపాకే హార్డెనర్ పొయ్యాలి." అర్థమైంది. రెండూ రెజిన్ గట్టిపడడానికి వేసే మందులే గానీ అత్తాకోడళ్ళన్నమాట, మధ్యలో పెద్దమనిషి ఉండాలి. రెండోది: "కుడివైపుది రేపొచ్చి చేస్తానండి." 

"అచ్చు ఇక్కడే ఉందిగా, ఇంకో కూలి ఎందుకు? మేం చేసుకుంటాం" అన్నాడు బావ. మేస్త్రీ ఏదో అనబోయి, మా బావ మొహం చూసి, ఆయ్ అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదలెట్టాం. కిలో రెజిన్‌కు హార్డెనర్ పది గ్రాముల నుంచి ఇరవై గ్రాములు. బావ మూత లెక్కన పోశాడు. ఎన్ని మూతలని అడిగితే "ఆవకాయలో ఉప్పు తూచి వేస్తారా?" అన్నాడు. అయిదు నిమిషాల్లో ఐస్‌క్రీం డబ్బాలోని రెజిన్ జున్నులా బిగుసుకుంది. పదో నిమిషానికి డబ్బా పొగలు కక్కి, మెత్తబడి, పక్కకి ఒరిగింది. అందులో నిలబెట్టిన బ్రష్షు ఇప్పటికీ అలాగే ఉంది, శిలాశాసనంలా.

వాసనకు బయటికొచ్చిన అత్తయ్య డబ్బా వంక చూసి, "ఎండలు ముదిరాక తోడు తక్కువెయ్యాలని తెలీదట్రా?" అంది. నవ్వాను గానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. వేడెక్కేకొద్దీ హార్డెనర్ తగ్గించాలి.

రెండోసారి తూచి పోశాం. మడ్‌గార్డు బ్రహ్మాండంగా వచ్చింది. అంచులు గ్రైండరుతో కోసేసరికి ఆ పొడి చేతులకీ మెడకీ అంటుకుని, దూలగొండి కాయ రుద్దుకున్నట్టు ఒకటే దురద. అయినా టెన్షన్ లేదు, ఆఖరి అంకం కదా.

ఎడమ మడ్‌గార్డు బిగించాం. బోల్టు కన్నాలు కాస్త పెద్దవిగా పెట్టి, వెడల్పాటి వాషర్లు వేస్తే ఫైబర్ అటూ ఇటూ సర్దుకుంటుంది, జెల్‌కోటు పగలదు. చక్కగా కూర్చుంది. ఇక కుడిది. పెట్టాం. లోపలికి ఉండాల్సిన అంచు బయటికొచ్చింది. బోర్లించాం. గిన్నెలా ఉంది. ముందుది వెనక్కి తిప్పాం. అంచు కుదిరింది గానీ హెడ్‌లైటు గుంట డ్రైవరు వైపు చూస్తోంది. గ్రైండరుతో కాస్త కోద్దామన్నాడు బావ. సుత్తితో కాస్త నొక్కుదామన్నాను నేను. అరగంట ఇదే గొడవ.

పక్క కొబ్బరిచెట్టు మీద దింపు తీస్తున్నాయన కత్తి ఆపి, అంతసేపూ మమ్మల్నే చూస్తున్నాడట. పైనుంచి తాపీగా, "ఆయ్, రెండూ ఎడంకాలి జోళ్ళేనండీ" అన్నాడు.

ఇద్దరం తలెత్తి చూశాం. తర్వాత మడ్‌గార్డు చూశాం. తర్వాత ఒకరినొకరం చూసుకోలేదు. ఒకే అచ్చులోంచి ఎన్ని తీసినా ఎడమవే వస్తాయని ఇంజనీరింగు చదివిన నాకూ తట్టలేదు, ఇద్దరు పిల్లలకు బూట్లు కొన్న బావకూ తట్టలేదు.

"మన దేశంలో బండి ఎడంపక్కనే కదరా నడపాలి" అన్నాడు బావ చాలాసేపటికి. అంతకంటే మంచి సమర్థన ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ రెండో మడ్‌గార్డును కోపంతో కొబ్బరి డొక్కల పోగు మీదికి విసిరేశాడు. అది వెల్లకిలా పడింది. మూడు రోజులకు డేగ పెట్ట వెళ్ళి అందులో కూర్చుంది. మామూలు కోడి కాదది, సంక్రాంతి పుంజుల వంశం. బావ దాన్ని పేరుపెట్టి కూడా పిలవడు, గౌరవం. గుడ్లు పొదగడానికి 21 రోజులు. ఈలోగా ఇంజను స్టార్టు చేస్తే బెదిరి లేచిపోతుందని తాళం అత్తయ్య కొంగున ముడేసుకుంది.

నిన్న ఫోను చేస్తే బావ గుసగుసగా మాట్లాడాడు.

"పదకొండు గుడ్లురా. మేస్త్రీని ఇరవై రెండో రోజు రమ్మన్నాను. గ్రైండరు తేవద్దని చెప్పాను."