నష్టానికి చిరునామా లేదు

బీమా సంస్థలు తమ నష్టాలను దాచిపెడతాయన్న అపవాదు చాలాకాలంగా ప్రచారంలో ఉంది. వార్షిక నివేదికలో విభాగాలవారీ ఫలితాల పేజీలను ఓపికగా చదివినవారెవరూ ఆ మాట అనరు. అక్కడ ఏ నష్టమూ దాగదు. ప్రతి నష్టానికీ పట్టికలో ఒక వరుస, కింద ఒక పాదసూచిక, మర్యాదైన ఒక పేరు ఉంటాయి. లేనిదల్లా ఆ నష్టం తనదేనని ఒప్పుకునే విభాగం. మోటారు బీమా లాభంలో ఉంటుంది, ఆరోగ్య బీమా ఏటా మెరుగుపడుతూ ఉంటుంది, ఆస్తి బీమా అంచనాలను మించిపోతుంది, జీవిత బీమా భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉంటుంది. ఈ నాలుగూ కలిసిన సంస్థ మాత్రం ఆ ఏడాది డివిడెండు ప్రకటించలేకపోతుంది. కూడికలో ఎక్కడా పొరపాటు లేదని ఆడిటర్లు సంతకం చేసి మరీ చెబుతారు.

న్యాయంగా చెప్పాలంటే ఈ వ్యాపారం స్వభావమే వేరు. సరుకు తయారుచేసి అమ్మేవాడికి ముందు ఖర్చు తెలుస్తుంది, తర్వాత ధర పెడతాడు. బీమా సంస్థ ముందు ధర వసూలు చేస్తుంది; ఖర్చెంతో తర్వాత ఎప్పుడో, కొన్ని పాలసీల విషయంలో దశాబ్దాల తర్వాత, తెలుస్తుంది. కనుక ఈ ఏడాది లాభం ఎంత అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఒక అభిప్రాయం మాత్రమే. ఆ అభిప్రాయం ఎవరిదన్నదే అసలు సంగతి.

లోకమంతటా సాధారణ బీమా విభాగాల ఆరోగ్యాన్ని కొలిచే సాధనం కంబైన్డ్ రేషియో. క్లెయిములను, ఖర్చులను కలిపి, ప్రీమియంలో అవి నూటికి ఎంతో చూస్తారు. వందకు లోపల ఉంటే పాలసీలు అమ్మడం వల్లనే లాభం వచ్చినట్టు, దాటితే నష్టం వచ్చినట్టు. ఒక విభాగాన్ని దగ్గరగా చూద్దాం. ఏడాది ప్రీమియం 100 అనుకుంటే క్లెయిములకు 74, కమీషన్లు, జీతాలు, అద్దెల వంటి వాటికి 32 పోయాయి. మొత్తం 106. లెక్క ఇక్కడితో ఆపితే అది గుమాస్తా పని అవుతుంది. నిర్వహణ ఇక్కడినుంచే మొదలవుతుంది. 74లో 7 ఒక తుపాను వల్ల వచ్చిన క్లెయిములు. తుపాను అసాధారణ ఘటన కనుక దాన్ని పక్కన పెట్టాలి, మిగిలింది 99. మరో 3 పాత పాలసీల క్లెయిముల కోసం అప్పట్లో తక్కువ సొమ్ము తీసిపెట్టినందువల్ల ఇప్పుడు కలపవలసి వచ్చినవి. గత సంవత్సరాల పాపాన్ని ఈ సంవత్సరం నెత్తిన రుద్దడం ధర్మం కాదు కనుక అవీ పోవాలి, మిగిలింది 96. చూస్తుండగానే నష్టాల విభాగం ఆదర్శ విభాగమైంది, ఒక్క అంకె కూడా అబద్ధం కాకుండా.

తుపానును అసాధారణం అనడంలోని సాహసాన్ని పాఠకులు గుర్తించకపోవచ్చు. నిరుడు వరద అసాధారణం, అంతకుముందు వడగళ్లు అసాధారణం, ఆ ముందటి ఏడాది కార్చిచ్చు అసాధారణం. తుపాను వస్తే ఆదుకుంటామని చెప్పి ప్రీమియం తీసుకున్న సంస్థ, తన ప్రతిభను తుపాను రాలేదనుకుని కొలవమని కోరుతుంది. తుపాను కోసం జనం కట్టిన ప్రీమియం మాత్రం వందలో యథాతథంగా ఉండిపోతుంది; దాన్ని తీసి పక్కన పెట్టాలన్న ఆలోచన ఇంతవరకు ఏ విభాగాధిపతికీ తట్టినట్టు లేదు. కొన్ని సంస్థలు ఏ ఏడాది ఏమి జరిగినా, సగటున ఇంత విపత్తు భారం ఉంటుందని లెక్కలో కలిపే చూపుతాయి. వాటికి ఆత్మవిశ్వాసం చాలదని అనుకోవాలి. 106, 96 రెండూ నివేదికలో ఉంటాయి. 96 వాటాదారులకు రాసిన లేఖలో మొదటి పేరాలో, 106 వెనక ఎక్కడో చిన్న అక్షరాల పట్టికలో. పాత పాలసీల మీద సొమ్ము ఎక్కువ తీసిపెట్టామని తేలి 3 వెనక్కి వస్తే, అప్పుడు అది గత సంవత్సరాలకు చెందుతుందన్న చర్చ లేఖలో అంత గట్టిగా వినిపించదు.

ఈ రేషియోలో మరో సూక్ష్మముంది, దాన్ని పొగడకుండా ముందుకు పోలేము. క్లెయిములను భాగించేటప్పుడు హారంలో ఉండేది, ఇప్పటివరకు గడిచిన పాలసీ కాలానికి సంస్థ సంపాదించుకున్న ప్రీమియం. ఖర్చులను భాగించేటప్పుడు అమెరికా పద్ధతుల్లో ఒకదాని ప్రకారం హారంలో ఉండేది, ఆ ఏడాది అమ్మిన పాలసీల మొత్తం ప్రీమియం. అమ్మకానికైన ఖర్చును అమ్మకంతోనే పోల్చాలన్నది దీని వెనక ఉన్న తర్కం, అది సబబే. కానీ విభాగం వేగంగా పెరుగుతున్నప్పుడు, సంపాదించినది 100, అమ్మినది 125, ఖర్చు 35, క్లెయిములు 68 అనుకుంటే, ఒకే హారంతో చూసినప్పుడు 103 అయ్యేది రెండు హారాలతో చూస్తే 28, 68 కలిసి 96 అవుతుంది. వేర్వేరు హారాలున్న భిన్నాలను అలాగే కూడకూడదని బడిలో లెక్కల మాస్టారు బెత్తంతో చెప్పిన పాఠం పెద్ద పదవుల్లో ఉన్నవారికి వర్తించదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

ఇక జరిగినా ఇంకా సంస్థ చెవిన పడని క్లెయిములు ఉన్నాయి. వాటికి ఎంత తీసిపెట్టాలో యాక్చువరీ, అంటే బీమా నష్టాలను లెక్కగట్టే గణిత నిపుణుడు, అంచనా వేస్తాడు. అతడు ఒక్క అంకె చెప్పడు, ఒక పరిధి చెబుతాడు. ఆ పరిధిలో ఎక్కడ నిలబడాలో నిర్ణయించేటప్పుడు విభాగాధిపతి బోనసు ఆ గదిలో కూర్చుని ఉండదని మనం నమ్మాలి. పెట్టుబడిదారులు జట్లుగా చేరి బీమా రాసే లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్‌వారికి ఈ కష్టం బాగా తెలుసు. ఒక సంవత్సరపు పద్దును మూడేళ్లు తెరిచి ఉంచి, అప్పటికీ మిగిలిన బాధ్యతలను పునర్బీమా (బీమా రాసినవారు మరొకరి దగ్గర చేసుకునే బీమా) రూపంలో తర్వాతి సంవత్సరంవారికి అప్పగించి మూసేసే పద్ధతి అక్కడ ఎంతోకాలం నడిచింది. లాభాలు పంచుకున్నవారు ఒకరు, దశాబ్దాల కిందటి పాలసీల మీద ఆస్బెస్టాస్ ధూళి వల్ల జబ్బుపడినవారి క్లెయిములు వచ్చి పడినప్పుడు చెల్లించినవారు మరొకరు. 1988 నుంచి 1992 వరకు ఆ మార్కెట్టుకు తేలిన నష్టం సుమారు 800 కోట్ల పౌండ్లు. 1996లో ఆ పాత బాధ్యతల కోసమే ఈక్విటాస్ అనే సంస్థను విడిగా నెలకొల్పారు. నష్టానికి వేరు కాపురం పెట్టించడమన్నది అంత పెద్ద ఎత్తున అంతకుముందు ఎక్కడైనా జరిగిందేమో చరిత్రకారులే చెప్పాలి.

అయితే ఈ శాస్త్రం నిజమైన లోతు తెలియాలంటే ప్రధాన కార్యాలయపు ఉమ్మడి ఖర్చులను పంచే సమావేశంలో కూర్చోవాలి. కొత్త కంప్యూటర్ వ్యవస్థకు బిల్లు వచ్చింది, దాన్ని విభాగాలు మోయాలి. మోటారు విభాగాధిపతి లేచి, పాలసీల సంఖ్యను బట్టి పంచడం అశాస్త్రీయమని, ప్రీమియాన్ని బట్టి పంచడమే న్యాయమని వాదిస్తాడు. అతని దగ్గర చిన్న పాలసీలు లక్షల్లో ఉన్నాయన్నది కేవలం యాదృచ్ఛికం. పెద్ద కర్మాగారాలకు కొద్దిపాటి పాలసీలు రాసి భారీ ప్రీమియం తెచ్చే ఆస్తి విభాగాధిపతి, కంప్యూటరుకు ప్రీమియం బరువు తెలియదని, అది మోసేది పాలసీల సంఖ్యనేనని బదులిస్తాడు. జీవిత విభాగాధిపతి ఈ ఇద్దరి స్వార్థానికి నొచ్చుకుని, ఉద్యోగుల సంఖ్యే నిష్పాక్షికమైన కొలమానమని తీర్పు చెబుతాడు. అతని సైన్యమంతా ఏజెంట్లు, జీతాల పట్టికలో లేనివారు. ఆరోగ్య విభాగాధిపతి కార్యాలయంలో తమవారు వాడే అంతస్తు వైశాల్యం గురించి ఒక పత్రం తెచ్చాడు గాని, అది చదివే సమయం చిక్కలేదు. అందరూ సూత్రం మీదే నిలబడ్డారు, ఎవరి సూత్రం ప్రకారం వారి వాటా తక్కువ. చివరికి బిల్లులో మూడో వంతు ఎవరికీ చెందదని, అది సంస్థ దీర్ఘకాలిక వ్యూహంలో భాగమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సమావేశంలో ఏకగ్రీవమైన తీర్మానం అదొక్కటే.

పెట్టుబడుల ఆదాయం విషయంలో గొడవ తలకిందులవుతుంది. ఖర్చు ఎవరికీ వద్దు, ఆదాయం అందరికీ కావాలి. ప్రీమియం వచ్చిన రోజుకూ క్లెయిము చెల్లించే రోజుకూ మధ్య ఆ సొమ్ము సంస్థ చేతిలో ఉంటుంది. 1967లో అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ హాథవే 86 లక్షల డాలర్లకు నేషనల్ ఇండెమ్నిటీ అనే బీమా సంస్థను కొన్నప్పటినుంచి ఆయన సంపదకు మూలం ఈ నిల్వే. చట్టపరమైన బాధ్యతల బీమా వంటి విభాగాల్లో క్లెయిములు తేలడానికి ఏళ్లు పడుతుంది కనుక, రేషియో 108 అయినా మధ్యలో వచ్చిన రాబడితో లాభపడవచ్చు. ఆ రాబడిలో విభాగానికి ఎంత రేటున జమ వేయాలి? ప్రభుత్వ బాండ్ల రేటున చాలంటుంది పెట్టుబడుల విభాగం, మిగిలినదంతా తన ప్రతిభ కనుక. సొమ్ము తెచ్చింది తామని, ఖజానాకు తాళం వేసినవాడు ధనికుడు కాడని అమ్మకాల విభాగం అంటుంది. రాబడి పడిపోయిన ఏడాది ఇద్దరూ ఎదుటివారి వాదనతో ఏకీభవిస్తారు.

మూలధనం పంపకం దీనికి తమ్ముడు. అనుకోని నష్టాలను తట్టుకోవడానికి, మూడు విభాగాలు విడివిడిగా ఉంటే 60, 50, 40 చొప్పున మొత్తం 150 మూలధనం కావాలి. అన్నిటికీ ఒకేసారి గండం రాదు కనుక కలిసి ఉంటే 110 చాలు. మిగిలిన ఈ 40 ఎవరి పుణ్యఫలం? 60 మీద 12 లాభం తెచ్చే విభాగం రాబడి నూటికి 20. పుణ్యఫలంలో సగం దాని ఖాతాలో వేస్తే మూలధనం 40కి దిగి, రాబడి నూటికి 30 అవుతుంది. ఒక్క పాలసీ అదనంగా అమ్మకుండా, ఒక్క క్లెయిము తగ్గించకుండా ఒక విభాగాధిపతి ఇంత సాధించడం చూసి మిగతా ఇద్దరు అసూయపడతారే తప్ప పద్ధతిని తప్పుపట్టరు. వచ్చే ఏడాది తమ వంతు రావచ్చు.

సంస్థలు లెక్కలు ఎలా చూపాలో చెప్పే ప్రమాణాలు రాసేవారు నిద్రపోతున్నారని అనుకోవద్దు. 1997లో అమెరికావారు, వారిని అనుసరించి 2009 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 8 అనే అకౌంటింగ్ ప్రమాణం ద్వారా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థవారు ఒక ఉదారమైన నియమం పెట్టారు. సంస్థలో నిర్ణయాలు తీసుకునే ముఖ్యాధికారి లోపల ఏ విభాగాలుగా, ఏ కొలతతో లాభాన్ని చూస్తాడో, బయటివారికీ అదే చూపాలి. ఆ కొలత మిగతా ప్రమాణాలకు అనుగుణంగా ఉండనవసరం లేదు. తేడాలు సరిపుచ్చి చూపితే చాలు. ముఖ్యాధికారి లోపల 96నే చూస్తున్నానంటే మనమూ 96నే చూస్తాం. ఆయనకు 106 కనబడకపోతే అది ఆయన చూపు సమస్య, దానికి ప్రమాణాల్లో మందు లేదు.

2017లో వెలువడి 2023లో అమల్లోకి వచ్చిన, బీమా ఒప్పందాలకోసమే రాసిన ఐఎఫ్ఆర్ఎస్ 17 కొంత కఠినమైనది. నష్టం తెచ్చే పాలసీలను లాభం తెచ్చేవాటి చాటున దాచకూడదని, ఏడాదికి మించిన తేడాతో అమ్మిన పాలసీలను ఒకే గుంపులో కలపకూడదని, నష్టం కనబడితే ఆ రోజే రాయాలని, లాభాన్ని మాత్రం సేవలందించే కొద్దీ ఏళ్ల తరబడి రాసుకోవాలని అది శాసించింది. పాలసీలను ఇలా ఏడాదివారీగా విడదీయడాన్ని తప్పనిసరి చేయడం కొన్ని రకాల పాలసీలకు తగదని భావించి, ఐరోపా సమాఖ్య 2021లో ప్రమాణాన్ని ఆమోదిస్తూనే వాటికి మినహాయింపు ఇచ్చింది. జీవిత బీమావారు అప్పటికే ఇంకో మెట్టు పైనున్నారు. ఈ ఏడాది అమ్మిన పాలసీల వల్ల రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లలో రాగల లాభాన్ని నేటి విలువకు కట్టి ఇప్పుడే ప్రకటిస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగం ఉద్యోగంలో చేరి రిటైరయ్యే దాకా జీతం లెక్కలు కూడా పట్టికలో ఉంటాయి.

ఎవరికీ చెందనివన్నీ, అంటే పంచగా మిగిలిన కంప్యూటర్ బిల్లు, కోర్టు జరిమానాలు, ఎక్కువ ధర పెట్టి కొన్న సంస్థల మీద రద్దు చేసిన విలువ, అమ్మకం మానేసిన పాలసీల మీద ఇంకా మిగిలిన బాధ్యతల తోక, ఇవన్నీ చేరే చోటును నివేదికలో కార్పొరేట్, ఇతరములు అంటారు. సంస్థలో ఏటా నిలకడగా పెరిగే విభాగం ఇదే. దీనికి అధిపతి ఉండడు, లక్ష్యాలుండవు, బోనసు ఉండదు. విభాగాల గోడలు కాగితం మీద ఎంత గట్టివో 2008 సెప్టెంబరు 16న తెలిసింది. ఆ రోజు అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వు, బీమా దిగ్గజం ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల వరకు రుణం ప్రకటించింది. ఫైనాన్షియల్ సర్వీసెస్ విభాగంలోని ఒక యూనిట్ రాసిన డెరివేటివ్ ఒప్పందాలే, అంటే ఇతరుల అప్పులు మునిగితే తాము చెల్లిస్తామన్న హామీలే, గండానికి ప్రధాన కారణం. మిగతా విభాగాలవారు తమకు సంబంధం లేదని అన్నా, అప్పులవాళ్లు విభాగాలవారీగా తలుపు తట్టలేదు.

ఇంత చేసినా ఏదైనా విభాగం వరుసగా నష్టమే చూపితే చివరి మార్గం పునర్వ్యవస్థీకరణ. మోటారు, ఆస్తి, ఆరోగ్యం, జీవితం అన్న నాలుగు విభాగాలు రద్దయి వ్యక్తులు, సంస్థలు, భాగస్వామ్యాలు అన్న మూడు విభాగాలు పుడతాయి. పోల్చి చూసుకునేందుకు పాత సంవత్సరాల అంకెలనూ కొత్త విభాగాల ప్రకారం తిరగరాయాలని ఐఎఫ్ఆర్ఎస్ 8 చెబుతుంది. ఆ సమాచారం అందుబాటులో లేకపోయి, దాన్ని తయారుచేయడానికి ఖర్చు మితిమీరితే అక్కర్లేదని కూడా అదే చెబుతుంది. ఖర్చు మితిమీరుతుందో లేదో తేల్చడానికి ఒక సలహా సంస్థను నియమించారు. వారి ఫీజును కొత్త విభాగాల్లో ఎవరి ఖాతాలో రాయాలన్నది వచ్చే సమావేశపు అజెండాలో మొదటి అంశం.