తెర మీద ఒక రంగు, కాగితం మీద ఇంకో రంగు

భీమిలి బీచ్‌లో సూర్యోదయం వేళ అమ్మని తీసిన ఫొటో. పసుపు చీర, వెనక ఎర్రగా మెరిసే సముద్రం. రెండు రాత్రులు కూర్చుని ఎడిట్ చేసి ద్వారకానగర్‌లో ప్రింటుకి ఇస్తే ఏం వచ్చింది? వెలిసిపోయిన చీర, బూడిద పూసినట్టు ముఖం! అడిగితే "మా మిషన్‌లో అంతే వస్తుంది సార్" అన్నారు. అంతే అంటే ఎలా అండీ? నేను ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీ పద్ధతిలో సేవ్ చేశాను, వాళ్ల మిషన్ దాన్ని తక్కువ రంగులు పట్టే మామూలు ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివింది, అందుకే రంగులు వెలిసిపోయాయి. ఎస్‌ఆర్‌జీబీలోనే ఇవ్వమని ఆ ఒక్క ముక్క ఫైల్ తీసుకునేటప్పుడే చెబితే ఏం పోతుంది?

సరే, ఇంట్లోనే వేద్దామని కూర్చుంటే అదో నరకం. ఈసారి అమ్మ బుగ్గలే కాదు, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు కూడా గులాబీ రంగు. రంగులు దిద్దే పని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాక ప్రింటర్ డ్రైవర్‌లో, అంటే ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్‌లో, ఆ పనిని ఆపేయాలి, లేకపోతే రెండూ కలిసి రెండుసార్లు దిద్దేస్తాయి. ఆ ఆప్షన్ ఎక్కడుంది? నాలుగు మెనూల లోపల! పేపర్‌కి తగ్గ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) వెతుక్కోవాలి, మానిటర్ వెలుతురు తగ్గించుకోవాలి, ఒక్కో ప్రయత్నానికీ ఒక గ్లాసీ షీటు, బోలెడు ఇంకు. ఎవరి డబ్బండీ ఇదంతా?

ఎల్లుండి అమ్మ పుట్టినరోజు. ఆ చీర పసుపు ఇంకా రాలేదు.