ఏడు రోజుల జ్యూస్ ప్యాకేజీ గారికి, బిల్లు విడగొట్టి ఇమ్మని కోరుతూ

మహారాజశ్రీ ఏడు రోజుల జ్యూస్ ప్యాకేజీ గారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం పద్ధతి. కానీ మా వదిన పీట మీంచి లేవాలంటే ఒక చెయ్యి నేలకి, ఇంకో చెయ్యి మా అన్నయ్య భుజానికి ఆన్చాల్సి వస్తోంది కాబట్టి ఆ మాట రాయలేకపోతున్నాను. మీరు మాత్రం దివ్యంగా ఉన్నారని తెలుస్తూనే ఉంది. మొన్నటిదాకా పార్కు గేటు దగ్గర పేపరు కప్పుల్లో కాకరకాయ రసంగానూ గోధుమగడ్డి రసంగానూ కాలక్షేపం చేసినవారు, ఇవాళ కోల్డ్ ప్రెస్ అని బిరుదు తగిలించుకుని, గాజు సీసాల్లోకి మారి, రోజుకి ఆరు చొప్పున తెల్లారకముందే మా గుమ్మంలో దిగుతున్నారు.

మా మేనకోడలికి ముహూర్తం పెట్టిన దగ్గర్నుంచీ మా వదిన మీ భక్తురాలు. 62 కిలోల మనిషి. వారం తిరిగేసరికి మెషిన్ 58 చూపించింది. ఆ అంకెని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం ఆలస్యం, పిన్నులూ అత్తయ్యలూ దండాలు, చప్పట్లు. నెల్లూరు పెద్దమ్మ అయితే "నాకూ ఒకటి బుక్ చెయ్యవే" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆవిడ షుగర్ మాత్రలు వేసుకుంటుంది. మీ ఆర్డర్ ఫారంలో అడ్రసు, ల్యాండ్‌మార్కు, యూపీఐ అన్నీ అడిగారు గానీ ఆ ఒక్క ముక్క అడగలేదు.

ఈ లేఖ ఆ నాలుగు కిలోల గురించే. నాలుగూ మీ ఘనతేనని చెప్పుకుంటున్నారు కదా, అందులో దేని వాటా ఎంతో కాస్త విడగొట్టి రాసివ్వండి. మా వీధి చివర కిరాణా కొట్టాయన కూడా చింతపండుకి వేరుగా, మినప్పప్పుకి వేరుగా చీటీ రాస్తాడు.

మీరు ఎలాగూ ఇవ్వరు, నేనే వేస్తాను. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీల లోటు పడాలి. మా వదిన ఒళ్లు రోజుకి 1800 ఖర్చు పెడుతుంది, మీ ఆరు సీసాలూ కలిపి 700 ఇస్తాయి అనుకుందాం. రోజుకి 1100 లోటు, ఏడు రోజులకి 7700. అంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా కొవ్వు కిలోకి మించదు. మరి మిగతా మూడు కిలోలు ఎవరివండీ?

చాలామటుకు నీళ్లు. కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అని కాస్త పిండిపదార్థం నిలవ ఉంటుంది, మొత్తం అర కిలో లోపే గానీ గ్రాముకి మూడు గ్రాముల చొప్పున నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. తిండి తగ్గగానే అందులో కొంత ఖర్చయిపోయి, దాన్ని పట్టుకున్న నీళ్లు బాత్రూం దారి పడతాయి. ఉప్పు తగ్గింది కాబట్టి ఇంకాసిని నీళ్లు. పీచంతా పిప్పి కింద మీ ఫ్యాక్టరీలోనే పారేశారు కాబట్టి పేగులూ తేలికే. ఇవన్నీ పెళ్లి భోజనాల్లో రెండు విస్తర్లు ముగిసేసరికి తిరిగొచ్చేస్తాయి. అంత తేలిగ్గా తిరిగి రానిది కండ, దాని సంగతి మీ కరపత్రంలో ఎక్కడా లేదు.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మీకు దూరం కూడా కాదు. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని వాళ్ల లెక్క. మా వదినకి 51 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ నిలబడాలంటే అదీ చాలదని, 1.2 నుంచి 1.6 దాకా తినమని చెప్పే నిపుణులు చాలామంది ఉన్నారు. మీ యాపిలూ బీట్‌రూటూ కీరా అన్నీ కలిపి రోజుకి పది పదిహేను గ్రాములు ఇస్తే గొప్ప. కొవ్వుని దాచుకోవడానికి ఒంట్లో బోలెడంత చోటుంది, ప్రొటీన్‌ని విడిగా దాచే చోటు లేదు. గుండె, పేగులు, రక్తం, చర్మం రోజూ పాత ప్రొటీన్ పోగొట్టుకుని కొత్తది కట్టుకుంటూ ఉంటాయి, బయటినుంచి రాకపోతే తొడల్లోంచీ భుజాల్లోంచీ తీసుకుంటాయి. కండలో ప్రొటీన్ ఐదో వంతే, మిగతాది దాదాపు అంతా నీళ్లు. అందుకని 20 గ్రాముల ప్రొటీన్ లాగేస్తే తూకంలో 100 గ్రాములు తగ్గుతుంది, మెషిన్ మురిసిపోతుంది, మీకు ఇంకో ఫైవ్ స్టార్ పడుతుంది.

మీ తరఫున చెప్పాల్సింది కూడా చెప్తాను. ఉత్త మంచినీళ్ల ఉపవాసం కంటే మీరు నయం, ఎందుకంటే మీలో చక్కెర దండిగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హార్వర్డ్ వైద్యుడు జేమ్స్ గాంబుల్, ఓడ మునిగిపోయి తెప్పల మీద కొట్టుకుపోయేవాళ్లకి తినడానికి ఏం పెట్టాలా అని వాలంటీర్లని ఉపవాసం ఉంచి పరీక్షించాడు. రోజుకి 100 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే ఒంట్లోంచి పోయే ప్రొటీన్ దాదాపు సగానికి తగ్గిందట. గమనించండి, సగానికి తగ్గింది, ఆగలేదు. కాబట్టి నడిసముద్రంలో ఓడ మునిగినవాడికి మీరు నిజంగా ప్రాణదాత. మా వదిన ఉండేది కూకట్‌పల్లిలో, మూడో అంతస్తులో, వంటింట్లో ఐదు కిలోల కందిపప్పు డబ్బా పక్కన.

పైగా కండ ఎక్కువై బాధపడుతున్న జాతి కూడా కాదు మనది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కనే నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరికీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2. చూడ్డానికి సన్నగా, లోపల కొవ్వుగా ఉండే మన ఒళ్లకి మీరొచ్చి ఉన్న కాస్త కండనీ తగ్గిస్తామంటున్నారు. తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజ్‌ని ఎక్కువగా పీల్చుకునేది ఆ కండే కదా, అది తగ్గితే షుగర్ ఎక్కడికి పోతుంది స్వామీ?

పెళ్లి దగ్గరపడ్డాక జరిగింది కూడా వినండి. మీ రెండో విడత, మూడో విడత కూడా అయ్యాయి. మధ్యమధ్యలో బరువు పెరగడం, మళ్లీ మిమ్మల్ని పిలవడం. పట్టుచీర జాకెట్టు ట్రయల్‌కి నేనూ వెంట వెళ్లాను. టైలర్ రెండు చేతుల దగ్గరా వేలు దూర్చి చూసి, పిన్నులు పెట్టి, అర అంగుళం లోపలికి కుట్టాలన్నాడు. లంగా బొందు మాత్రం పాత ముడి దగ్గరే ఆగింది. మూడు విడతల డబ్బు పోసి మా వదిన సన్నబడింది జబ్బల దగ్గర! అప్పటికే దువ్వెనకి గుప్పెడు జుట్టు వస్తోంది. ఒక్కసారిగా బరువు తగ్గినా, ప్రొటీన్ చాలకపోయినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలుతుందని చర్మ డాక్టరు చెప్తే, మీ కస్టమర్ కేర్ అమ్మాయి అది "టాక్సిన్స్ బయటికి పోవడం" అంది. ఆ సమయస్ఫూర్తికి మాత్రం జోహార్లు.

లంఖణం పరమౌషధం అని మీ సీసా మెడలో ట్యాగు ఉంది. పెద్దలు చెప్పింది ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు ఒకటి రెండు పూటలు మానెయ్యమని. ఏకాదశి ఉన్నవాళ్లు కూడా ద్వాదశి పొద్దున్నే పారణ చేస్తారు. మీ పంచాంగంలో ద్వాదశి ఎనిమిదో రోజుకి గానీ రాదు.

ఇంకోటి, ఆ ఆకుపచ్చ సీసా, అదే మీ సొరకాయ రసం. సొరకాయ కోసేముందు చిన్న ముక్క కొరికి చేదు చూడటం మా అమ్మమ్మ నాటి అలవాటు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి ప్రాణం పోగొట్టుకున్నాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కమిటీ కూడా అదే చెప్పింది, చేదుగా ఉంటే తాగొద్దని. మీరు అందులో పుదీనా, నిమ్మకాయ, అల్లం అన్నీ వేసి కలిపేస్తే చేదు తెలిసేదెలా?

ప్రస్తుతం మా ఇంట్లో మీకు పోటీగా నిలబడ్డవి పెసరట్టు, రెండు గుడ్లు, ముద్దపప్పు, గిన్నెడు పెరుగు, ఉలవచారు. అన్నం సగం తగ్గింది. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొంటానని మా అన్నయ్య బయల్దేరితే ఆపాం, వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు ఉండగా ఆ ఖర్చెందుకని. వదిన రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రెండు నీళ్ల బాటిళ్లు ఎత్తడం చేస్తోంది. నెలకి కిలో, కిలోన్నర తగ్గుతోంది. గ్రూపులో పెడితే ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు.

కావున, మూడు విడతలకీ కొవ్వు ఇంత, నీళ్లు ఇంత, కండ ఇంత అని విడివిడిగా రాసి, సంతకం పెట్టి పంపగలరు. కండకి కూడా జీఎస్టీ వసూలు చేశారా అన్నది స్పష్టంగా ఉండాలి.

ఇట్లు,
మీ భక్తురాలి ఆడపడుచు

తా.క.: రెండు ఆకుపచ్చ సీసాలు ఇంకా ఫ్రిజ్ తలుపులోనే ఉన్నాయి. చేదుగా ఉన్నాయేమో రుచి చూడమంటే మా అన్నయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మనిషిని పంపి పట్టుకెళ్లండి, గాజు సీసాల డిపాజిట్ కూడా ఆ మనిషి చేతికే ఇచ్చి పంపండి.