రాజీనామాకు ముందే తెలియాల్సిన వసూళ్ల లెక్క

విజయవాడ, గుంటూరు నగరాల్లో నలభైకి చేరువైన ఉద్యోగి ఎవరైనా స్థిరమైన జీతం వదిలి సొంత వ్యాపారంలోకి దిగుతానన్నప్పుడు, ఇంట్లోనూ స్నేహితుల మధ్యా చర్చంతా ధైర్యం చుట్టూనే తిరుగుతుంది. చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకోవడం పిచ్చితనమని ఒకరంటే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని ఇంకొకరంటారు. అమ్మిన సరుకు తాలూకు డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, అది వచ్చేలోగా ఇల్లు ఎలా గడుస్తుంది అనే ప్రశ్న మాత్రం ఆ చర్చలో చాలా అరుదుగా వినిపిస్తుంది. మన ప్రాంతంలో వ్యాపారం చాలావరకు అరువు మీదే నడుస్తుంది కాబట్టి, నా దృష్టిలో ముందుగా తేల్చుకోవాల్సిన విషయం అదే.

ఉద్యోగం మానేసి యజమాని కావడం ఇక్కడ కొత్తేమీ కాదు. విజయవాడ వన్‌టౌన్ టోకు దుకాణాల్లో, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో గుమాస్తాలుగా చేరి కొన్నేళ్లకు సొంత కొట్టు తెరిచినవారు, ఆటోనగర్ షెడ్లలో పని నేర్చుకుని తర్వాత సొంత షెడ్డు వేసుకున్నవారు మనకు ఊరంతా కనిపిస్తారు. వీళ్లు బయటికి వచ్చేటప్పుడు తీసుకెళ్లేది పనితనం ఒక్కటే కాదు. ఏ ఊరి వ్యాపారి చెప్పిన రోజుకు డబ్బు పంపుతాడు, ఎవరు పాత బాకీ ఉంచుకునే కొత్త సరుకు అడుగుతాడు, ఎవరి మాట నమ్మి లారీ ఎక్కించవచ్చు అనేది వాళ్లకు ఏళ్ల తరబడి చిట్టాపద్దులు రాసిన అనుభవంలో తెలిసిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచో, బ్యాంకు నుంచో, కళాశాల నుంచో వచ్చేవారికి చదువు, పొదుపు, క్రమశిక్షణ ఉంటాయి గానీ, ఈ ఒక్క జ్ఞానం ఉండదు.

గుంటూరులో కారంపొడి తయారీ మొదలుపెట్టాలనుకునే ఉద్యోగి సంగతే చూద్దాం. మిర్చి ముమ్మరంగా యార్డుకు వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. ఏడాదికి సరిపడా సరుకు ఆ రోజుల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి, లేకపోతే కాయ రంగు తగ్గుతుంది. కొన్నదానికి డబ్బు కట్టాలి, తాలు కాయ ఏరి తొడిమలు తీసే ఆడవాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజు ఇవ్వాలి, కోల్డ్ స్టోరేజీ అద్దె, మర ఆడించడం, ప్యాకింగ్ ఖర్చులన్నీ ముందే పెట్టాలి. తీరా పొడి తీసుకున్న దుకాణదారు నెలన్నర, రెండు నెలల గడువు అడుగుతాడు. నిల్వ మీద బ్యాంకు అప్పు దొరుకుతుంది, కానీ ధర పడితే ఆ హామీ విలువా పడుతుంది. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎక్కువ ధరకు కొని నిల్వ చేసినవారి పరిస్థితి ఏమై ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

లెక్క కోసం నెలకు 5 లక్షల అమ్మకం, అందులో 50 వేల లాభం, రెండు నెలల అరువు అనుకుందాం. కాగితం మీద ఇది మంచి జీతంలాగే కనిపిస్తుంది. కానీ ఎప్పుడు చూసినా 10 లక్షలు బయటే ఉంటాయి, మొదటి రెండు నెలలు పైసా రాదు. అమ్మకం రెట్టింపయితే బయట ఉండే మొత్తం 20 లక్షలకు చేరుతుంది. అంటే వ్యాపారం బాగా సాగుతున్న కొద్దీ ఇంకా పెట్టుబడి కావాల్సి వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదుళ్లు తేవడం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. సంవత్సరానికి 24 శాతం వడ్డీ కట్టాక మిగిలే లాభమెంతో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది.

చట్టం చిన్న ఉత్పత్తిదారు పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. ఆ గడువు దాటి బకాయి పెట్టిన మొత్తాన్ని చెల్లించేదాకా కొనుగోలుదారు తన ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేకుండా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ నిబంధన తెచ్చారు. అయితే ఈ రక్షణ సరుకు తయారుచేసేవారికి, సేవలందించేవారికి తప్ప కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. పైగా ఉన్న ముగ్గురు నలుగురు ఖాతాదారుల్లో ఒకరి మీద ఫిర్యాదు చేసే సాహసం కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ ఉంటుంది? చిన్న సంస్థగా ప్రభుత్వ గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు తప్పనిసరిగా చేయించుకోవాలి, బిల్లు మీద గడువు తేదీ రాయాలి. అంతకుమించి చట్టం మీద భారం వేసి ఉద్యోగం వదలడం మాత్రం మంచిది కాదు.

జీతంతో పాటు పోయేవి కూడా లెక్కలోకి రావాలి. యజమాని కట్టే భవిష్య నిధి వాటా ఆగిపోతుంది. కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉంటే, వేరే కొత్త పాలసీ తీసుకున్నప్పుడు వాళ్లకు ముందునుంచే ఉన్న జబ్బులకు 3 ఏళ్ల వరకు నిరీక్షణ పెట్టవచ్చు. అందుకే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో రాజీనామాకు ముందే అడగాలి. ఇంటి రుణం కావాల్సినవారు ఆ పని కూడా జీతం ఉండగానే ముగించుకోవడం మేలు, ఎందుకంటే సొంత వ్యాపారుల దగ్గర బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూస్తాయి.

ఇవన్నీ చెప్పడం ఎవరినీ ఆపాలని కాదు. చదువుకున్నవాళ్లు వ్యాపారంలోకి రావడం ఈ రెండు నగరాలకూ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఎగుమతి ప్రమాణాలు, నాణ్యత పరీక్షలు, పద్దుల నిర్వహణ లాంటి వాటిలో వాళ్లు తెచ్చే పద్ధతి మన మార్కెట్లకు ఎంతో మేలు చేస్తుంది. నాకు బాధ కలిగించేది ఇంట్లో ఆడవాళ్ల బంగారం తాకట్టులోకి వెళ్లడం, అదీ వాళ్లకు అసలు లెక్క చూపించకుండా వెళ్లడం. మంచి రోజు చూసి షాపు తెరిచేటప్పుడు ఇల్లంతా పక్కనే ఉంటుంది, ఎంత మునిగితే ఆపేయాలన్న మాట మాత్రం ముందుగా ఎవరూ అనుకోరు. ఆ అంకె భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి, ఉంటున్న ఇంటిని అందులో కలపకూడదు.

ఉద్యోగ ఒప్పందం అనుమతిస్తే, కుటుంబ సభ్యుల పేరున చిన్న మొత్తంలో సరుకు అమ్మి చూడటం అన్నిటికంటే మంచి మార్గం. ఎంత అమ్మాం అనేదాని కంటే, ఇచ్చిన బిల్లుల్లో ఎన్ని గడువులోగా వసూలయ్యాయి, అదే కొనుగోలుదారు బాకీ తీర్చి మళ్లీ సరుకు అడిగాడా అనేది చూడాలి. ఒక మిర్చి సీజను మొదలు మరో సీజను దాకా ఆ పద్దు నడిపితే, రాజీనామా ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆ పద్దులోనే కనిపిస్తుంది.