మిల్లు పోయింది, మైదానమైనా మిగలనివ్వండి

2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. చుట్టుపక్కల ఉన్నదంతా ఒకప్పటి మిల్లుల నేల. ఆ స్టేషన్ దగ్గర జనం నడవడానికి, నిలబడడానికి విశాలమైన జాగా ఉండాలని, మిల్లు భూముల మీద ప్రభుత్వం వేసిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కమిటీ 1996లోనే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

జాగా లేక కాదు. అక్కడ మిల్లుల భూమి దాదాపు 600 ఎకరాలు. అందులో మూడో వంతు ఆటస్థలాలకు, మూడో వంతు పేదల ఇళ్లకు, మిగిలింది యజమానికి అని 1991లో నిబంధన పెట్టారు. 2001లో దాన్ని సవరించారు. ఖాళీ నేలకే ఈ వాటాలట; పాత షెడ్లు కూల్చితే వచ్చే నేల లెక్కలోకి రాదట, ముందునుంచీ ఖాళీగా ఉన్నదే ఖాళీ అట! 2006లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. 'ఖాళీ' అన్న ఒక్క మాటకు అర్థం మార్చి ఊరి మైదానాన్ని మాయం చేశారు.

మిల్లుల అప్పులు, కార్మికుల బకాయిలు తీరాలంటే భూమి అమ్మక తప్పదని వాదించారు. బకాయిలు తీర్చాల్సిందే. అందుకు జనం వాటా కోయాలా?

ఇది ముంబయి గొడవ అని ఊరుకోలేం. ఆ మిల్లుల్లో తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీల చెమటా ఉంది. పైగా మనకూ ఒక మిల్లు ఉండేది. 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. ఆ నేల కొంత ప్లాట్లయింది, కొంత కలెక్టరేట్‌కు పోయింది. ఆఫీసులు కావాల్సిందే. కానీ ముంబయిలో జరిగింది ఇక్కడా జరిగితే? 'ఖాళీ' అంటే ఏమిటో రేపు మళ్లీ ఎవరో కొత్త అర్థం చెబితే? మా టెన్షన్ అదే.

ఆజంజాహీ నేలలో జనం కూడే చౌక్‌కు హద్దులు ముందు రాయాలి, మిగతా కట్టడాలు తర్వాత గీయాలి. చౌక్ అంటే ఫౌంటెనూ సెల్ఫీ బోర్డూ కాదు. నీడనిచ్చే చెట్లు, కూర్చునే అరుగులు, మంచినీళ్లు, మరుగుదొడ్లు. గేటు లేని దారి. ఆ మిల్లులో పనిచేసిన ముసలాయన సాయంత్రం వచ్చి కూర్చుంటే ఎవరూ లేపకూడదు. మీటింగ్ పెట్టుకుంటే అడ్డుకోకూడదు.

అధికారులు పార్కింగ్‌కు గీతలు మాత్రం ఠంచనుగా గీస్తారు. మనుషులు నిలబడే చోటు దగ్గరికి వచ్చేసరికి స్థలం లేదంటారు. ఎన్ని ఎకరాలు జనానికి వదిలారో సర్వే నంబర్లతో సహా బయటపెట్టండి.