పట్టాభి అంటే త్రిపురి ఓటమేనా?

భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరెత్తితే చాలు, 1939 గుర్తుచేస్తారు. త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ మద్దతుతో నిలబడి సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు, ఆ ఓటమి తనదేనన్నారు గాంధీజీ. అంతే, కథ అయిపోయింది. రెండు వందల పైచిలుకు ఓట్లతో పోయిన ఒక్క ఎన్నికతో 79 ఏళ్ల జీవితాన్ని కొలిచేస్తున్నాం. ఇది చాలా అన్యాయం.

గుండుగొలనులో పుట్టి, మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరాయన. బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి ఉద్యమంలోకి వచ్చారు. డాక్టర్లు, లాయర్లు అలా చాలామందే వచ్చారు. వచ్చాక ఆయన చేసింది మాత్రం చాలామంది చేయలేదు.

1923 సంగతి చూడండి. చౌరీచౌరా తర్వాత సహాయ నిరాకరణ ఆగిపోయింది. గాంధీజీ ఎరవాడ జైల్లో ఉన్నారు. శాసనసభలకు వెళ్లాలా వద్దా అని కాంగ్రెస్ రెండుగా చీలి కొట్టుకుంటోంది. కార్యకర్తలు నీరుగారిపోయిన ఆ రోజుల్లో, నవంబరులో, బందరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచారు పట్టాభి. నన్ను కట్టిపడేసేది ఇదే. జైలుకెళ్లడానికి ధైర్యం కావాలి, నిజమే. ఉద్యమం చల్లబడ్డాక కూర్చుని లెడ్జర్లు రాయించడానికి అంతకంటే గట్టి గుండె కావాలి.

కాలవ నీళ్లున్నా, పంట పండినా, కళ్లంలో గింజలు వడ్డీ వ్యాపారి పద్దుకే పోతుంటే రైతుకు స్వరాజ్యం వచ్చి ఏం లాభం? ఆయన పట్టుకున్న జబ్బు అది. అందుకే 1915లోనే కృష్ణా జిల్లా సహకార బ్యాంకుకు పూనుకున్నారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ పెట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో జాతీయ కళాశాల నిలబెట్టిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది.

జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురూ ఉన్న జేవీపీ కమిటీలో కూర్చుని భాషా రాష్ట్రాలను వాయిదా వేయించారని ఆయన మీద కోపం ఉంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ మద్రాసు మీద పట్టు వదిలితే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని చెప్పింది కూడా 1949 నాటి ఆ నివేదికే. 1953లో రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండానే.

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున నాన్న పాత పాస్‌బుక్ ఉంది. అంచులు నలిగి, పంట రుణం ఎంట్రీలు సిరాతో రాసి ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పుడు బోర్డు మారిందని బాధపడ్డాం. ఇప్పుడు నా బాధ వేరు. అదే కృష్ణా డెల్టాలో కౌలు రైతు ఇవాళ్టికీ నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నాట్లు వేస్తున్నాడు. చేతిలో కౌలుదారుగా గుర్తించే సాగుదారు కార్డు ఉన్నా, భూమి కాగితాలు యజమాని పేరున ఉన్నాయని బ్యాంకులు వెనక్కి పంపుతున్నాయి. పట్టాభి జయంతికి దండలేసే నాయకులు ఈ నవంబరు 24న ఆ పని పక్కనపెట్టి, కృష్ణా జిల్లాలో ఎంతమంది కౌలు రైతులకు బ్యాంకు అప్పు అందిందో లెక్క చెప్పాలి.